యంత్రములను చదివిన నాయుడుగారు

హైదరాబాదు నగరమున చౌమహల్లా ప్రాసాదమును చూడబోయినవారికి అచ్చట పసుపుపచ్చని రంగుగల యొక పాత మోటారుకారు కనబడును. దానిని ఇంగ్లండు దేశమునందలి రోల్సు రాయిసు సంస్థవారు నిర్మించిరి. ఆఱవ నిజామగు మహబూబు అలీ ఖాను దానిని చేయించుటకు ఉత్తరువిచ్చెను. కాని 1911వ సంవత్సరమున ఆయన మరణించుటచే, ఆ కారు ఆయన కుమారుడగు ఏడవ నిజాము కాలమున హైదరాబాదు చేరెను. వెనుక భాగమున సింహాసనమువంటి ఎత్తైన ఆసనము అమర్చబడియుండుటచే దానికి సింహాసనపు కారని పేరు వచ్చినది. ఆ కారు చాలకాలము మూలబడియుండి, ఇటీవలి కాలమున పునరుద్ధరింపబడి, మరల చూపరులకు కన్నులపండువు చేయుచున్నది.

ఇంచుమించు ఆ దినములయందే, దక్షిణమున కోయంబత్తూరు దాపునగల యొక పల్లెలో తెలుగు రైతుబిడ్డ యొకడు మొట్టమొదటిసారి మోటారుసైకిలును చూచెను. ప్రభువులకు మోటారు వాహనము వైభవచిహ్నము. ఆ యువకునికి మాత్రము అది గురువయ్యెను. అతడే తరువాతి కాలమున జి. డి. నాయుడను పేర దేశమెల్ల ప్రసిద్ధి గాంచిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు.

కోయంబత్తూరు ప్రాంతము నేడు తమిళనాడు రాష్ట్రమునందున్నది. అయినను విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను అచ్చటికి తరలిపోయిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. వారు నల్లరేగడి భూములను సాగుచేసి, ప్రత్తి పండించి, బావులు త్రవ్వి స్థిరపడిరి. ఇంట తెలుగును, వీధిని తమిళమును మాటలాడుచు తరతరములుగా జీవించుచున్నారు. అట్టి వ్యవసాయ కుటుంబమున, కలంగల్ అను గ్రామమునందు, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన దొరస్వామి జన్మించెను.

దొరస్వామికి బడియనిన గిట్టదు. ఒకచోట కదలక కూర్చుండి, అర్థముకాని పాఠములు వల్లించుట అతనికి శిక్షగా తోచెను. ఉపాధ్యాయులు దండించిరి, పెద్దలు మందలించిరి, ఫలితము లేకపోయెను. చిన్నతనముననే అతని బడిచదువు ముగిసెను. అప్పుడు పొలము పనులలో ప్రవేశపెట్టబడెను. చదువు మానినవాడు బాగుపడునని ఈ కథవలన ఎవ్వరును తలంపరాదు. దొరస్వామి బడిని విడిచెనే కాని చదువును విడువలేదు. తరువాత తనకు కావలసిన గ్రంథములను తానే సంపాదించి, రాత్రులయందు చదువుకొనెను. బడిలో పది సంవత్సరములలో సులభముగా లభించునది అతనికి ఇరువది సంవత్సరముల కష్టముచే లభించెను.

ఒకనాడు రెవెన్యూ శాఖకు చెందిన ఆంగ్లేయ అధికారి యొకడు రడ్జ్ అను సంస్థవారు చేసిన మోటారుసైకిలుపై ఆ పల్లెదారిని వచ్చెను. ఎద్దులును గుఱ్ఱములును లాగని బండి దానియంతట అది పరుగిడుట దొరస్వామికి అద్భుతమయ్యెను. ఇతరులు నోరు తెఱచి చూచి, బండి కనుమరుగు కాగానే తమ పనులకు పోయిరి. దొరస్వామి మనస్సు మాత్రము ఆ బండివెంటనే పోయెను. దాని కడుపులో నున్నదేమి? చమురు నిప్పైనప్పుడు బండి మండిపోక ముందుకు కదలుటకు కారణమేమి? ఈ ప్రశ్నలు అతనిని నిద్రపోనీయలేదు.

అట్టి బండిని కొనవలెననిన ధనము కావలెను. దొరస్వామి ఇల్లు విడిచి కోయంబత్తూరు నగరమునకు పోయి, ఒక భోజనశాలలో వడ్డించు పనివాడుగా చేరెను. ఆస్తిపాస్తులుగల రైతుల బిడ్డ యెంగిళ్లు తీయుటకు సిద్ధపడుట ఆ కాలమున బంధువులకు తలవంపుగా నుండెను. అతడు దానిని లెక్కచేయలేదు. కొన్ని సంవత్సరములు జీతపు రాళ్లను కూడబెట్టి, ఎట్టకేలకు మోటారుసైకిలును సంపాదించెను.

క్రొత్తగా బండి కొన్నవాడు దానినెక్కి ఊరంతయు తిరుగుట సహజము. దొరస్వామి చేసిన పని వేఱు. అతడు దానిని ముక్కముక్కలుగా విప్పెను. ఒక్కొక్క మరను, ఒక్కొక్క చక్రమును చేతబట్టి పరీక్షించెను. పిమ్మట ఏ భాగమును ఎచ్చటినుండి తీసెనో అచ్చటనే మరల అమర్చి, బండిని నడపెను. నేర్పువాడు లేడు, మార్గము చూపు పటము లేదు. బండియే పుస్తకము, దాని భాగములే అక్షరములు.

ఈ పనిలోని కష్టమును బాలబాలికలు గ్రహింపవలెను. పెట్రోలుతో నడచు యంత్రమున నాలుగు క్రియలు వరుసగా జరుగును. పిస్టను క్రిందికి దిగునప్పుడు పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి లోనికి వచ్చును. పిస్టను పైకి లేచునప్పుడు ఆ మిశ్రమము ఒత్తిడికి లోనగును. అప్పుడు విద్యుత్తు రవ్వ పుట్టి, మిశ్రమమును మండించి, పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. నాలుగవ క్రియలో పొగ వెలుపలికి పోవును. ఈ నాలుగు క్రియలును సకాలమున జరిగిననే చక్రము తిరుగును. కవాటము తెఱచుకొను సమయము కొంచెము తప్పినను, రవ్వ ముందు వెనుకలైనను, యంత్రము తుమ్మి ఆగిపోవును. కావున విప్పుట సులభము. విప్పిన క్రమమును జ్ఞాపకముంచుకొని బిగించుట కష్టము. దొరస్వామి మొదట అలవరచుకొన్న విద్య ఈ క్రమజ్ఞానమే.

నేటికిని పాత వాహనములను పునరుద్ధరించువారు అనుసరించు మార్గమిదియే. ఒక ఉదాహరణము చూడుడు. ఇటలీ దేశపు ఫియట్ సంస్థవారి 1100 అను కారును బొంబాయిలోని ప్రీమియర్ సంస్థవారు 1954వ సంవత్సరము మొదలుకొని మన దేశమున తయారుచేసిరి. అదియే తరువాత పద్మిని యను పేర ప్రసిద్ధమయ్యెను. అట్టి కారొకటి తుప్పుపట్టి పశువులపాకలో దొరకినదనుకొందము. దానిని బాగుచేయబూనినవాడు ముందుగా అది యే సంవత్సరపుదో, ఏ రకమునకు చెందినదో గుర్తింపవలెను. ప్రతి వాహనమునకును చట్రముపై నొక సంఖ్యయు, ఇంజనుపై నొక సంఖ్యయు ముద్రింపబడియుండును. ఆ రెండును ప్రభుత్వమువారి నమోదు పత్రమునందును వ్రాయబడియుండును. పత్రములోని ఇంజను సంఖ్యయు, కారులోని ఇంజను సంఖ్యయు వేఱైనచో, ఎవరో నడుమ ఇంజనును మార్చిరని తెలియును. మన దేశమున విడిభాగములు దొరకక కొందఱును, పెట్రోలు ఖర్చునకు జంకి డీజిలు కొఱకు మఱికొందఱును ఇట్లు ఇంజనులను మార్చుచుండిరి.

ఒక కారు ఇంజనును తీసి వేఱొక కారులో పెట్టుట కుండ మార్చి వంట చేయుటవంటిది కాదు. క్రొత్త ఇంజను బరువెక్కువైనచో ముందు స్ప్రింగులు క్రుంగును. బలమెక్కువైనచో పాత బ్రేకులు చాలవు. ఇంజనును మోయు దిమ్మలు, గేరుపెట్టెతో కలియు ఇరుసు వెంట్రుకవాసి తేడా లేక కుదురవలెను. వేడిని చల్లార్చు రేడియేటరు తగినంత పెద్దదిగా నుండవలెను. ఇన్నియు చక్కగా కుదిరినను, 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి అధికారుల అనుమతి లేక అట్టి మార్పు చేయరాదు. ఒక భాగమును మార్చువాడు తక్కిన భాగములన్నిటిని ఎఱిగియుండవలెననుట దీనివలన స్పష్టము. దొరస్వామి తన యిల్లే బడిగా చేసికొని మోటారుసైకిలునుండి నేర్చుకొన్న పాఠమును ఇదియే.

యంత్రజ్ఞానము కుదిరినను నాయుడుగారి బ్రదుకుబండి వెంటనే చక్కగా సాగలేదు. ఆయన ప్రత్తినుండి గింజలు తీయు వ్యాపారమున ప్రవేశించి, మొదటి ప్రపంచయుద్ధ కాలమున ధనము గడించిరి. ఆ ఉత్సాహముతో బొంబాయికి పోయి ప్రత్తి బేరములు చేసిరి. ధరల హెచ్చుతగ్గులపై ఆధారపడిన ఆ బేరములలో గడించిన ధనమంతయు పోయెను. వట్టి చేతులతో కోయంబత్తూరు తిరిగివచ్చిరి. ధనము పోయినను చేతిలోని పని పోలేదు. ఆ నగరమున పరిశ్రమలు నెలకొల్పి పేరుగాంచిన రాబర్టు స్టేన్సు దొర ఆయన ప్రతిభను కనిపెట్టి సహాయము చేసెను. ఆ సహాయముతో నాయుడుగారు ఒక బస్సును కొని, 1920వ సంవత్సరమున పొల్లాచి పళని పట్టణముల నడుమ నడపసాగిరి.

బస్సునకు యజమానియు ఆయనయే. దానిని నడపువాడును ఆయనయే. యంత్రము చెడినచో క్రిందికి దిగి, పానా చేతబట్టి బాగుచేయువాడును ఆయనయే. ఆ కాలమున దారులు మట్టిదారులు. ఎండకాలమున ధూళియు, వానకాలమున బురదయు యంత్రములను పాడుచేయుచుండెను. బాటసారులు బస్సునకై గంటల తరబడి నిరీక్షించుట మామూలు. నాయుడుగారు ఈ స్థితిని మార్చదలచిరి. చెప్పిన వేళకు బస్సు బయలుదేరవలెను; చెప్పిన వేళకు చేరవలెను. అట్లు జరుగవలెననిన, చెడిన పిమ్మట బాగుచేయుట చాలదు. చెడకమునుపే పరీక్షించి అరిగిన భాగమును మార్చవలెను. ఈ నియమమే వారి వ్యాపారమునకు పునాది.

ఒక బస్సు కొన్ని బస్సులయ్యెను; కొన్ని బస్సులు పెద్ద సంస్థ యయ్యెను. దానికి యూనివర్సల్ మోటార్ సర్వీసు అని పేరు. కొన్ని సంవత్సరములలోనే అది దేశమునందలి మిక్కిలి సమర్థములైన బస్సు సంస్థలలో నొకటిగా పేరుపొందెను. ఆ దశకములయందే మన ప్రాంతమునను బస్సు ప్రయాణము వ్యాపించెను. 1932వ సంవత్సరమున నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల రవాణా సంస్థలకు మూలమదియే. అచ్చట ప్రభుత్వబలము బస్సులను నడపినది. కోయంబత్తూరున ఒక్క మనుష్యుని పట్టుదల నడపినది.

బస్సులు విస్తరించిన పిమ్మట నాయుడుగారి దృష్టి ఇతర యంత్రములపై ప్రసరించెను. ఐరోపాఖండమునకు పోయి, జర్మనీ దేశపు కర్మాగారములను శ్రద్ధగా పరిశీలించిరి. చిన్న మోటారును, పొడి బ్యాటరీలను అమర్చి, ముఖక్షౌరమునకు ఉపయోగించు యంత్రమును కల్పించిరి. రసాంత్ అను పేరుగల ఆ యంత్రము జర్మనీ దేశముననే తయారయ్యెను. మిక్కిలి పలుచని క్షురపు బ్లేడులు, పండ్లరసము తీయు పరికరము, కిరసనాయిలుతో తిరుగు విసనకఱ్ఱ, మోసము చేయుటకు వీలులేని ఓట్ల నమోదు యంత్రము మొదలగు వానిని గూడ వారు రూపొందించిరి. చిత్రములు తీయుటయందును వారికి మక్కువ మెండు. 1936వ సంవత్సరమున లండను నగరమున జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చలనచిత్రముగా తీసిరి. గాంధీ మహాత్ముని, జవాహర్‌లాల్ నెహ్రూను, సుభాష్ చంద్రబోసును గూడ వారు చిత్రించిరి.

వీనియన్నిటికంటె దేశమునకు ఎక్కువ మేలు చేసినది విద్యుత్ మోటారు. 1930ల దశకమున నీలగిరులలోని పైకారా జలపాతమునుండి పుట్టిన విద్యుత్తు కోయంబత్తూరు జిల్లాకు వచ్చెను. బట్టల మిల్లులకును, బావులనుండి నీరు తోడుటకును మోటారులు కావలసివచ్చెను. అవి విదేశములనుండి దిగుమతి కావలసియుండెను. చెడినచో విడిభాగముకొఱకు ఓడ వచ్చువఱకు వేచియుండవలెను. అంతలో పైరు ఎండిపోవును. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలిసి కృషిచేసి 1937వ సంవత్సరమున మోటారును స్వదేశముననే నిర్మించిరి. మన దేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారుగా అది పేరుగాంచెను. నేడు నీటి పంపులకును, మోటారులకును కోయంబత్తూరు దేశమంతట ప్రసిద్ధము. ఆంధ్ర, తెలంగాణ రైతుల బావులపై ఆ నగరపు పంపులు తిరుగుచునే యున్నవి.

నాయుడుగారి ఆశయము ఒక్కటే: సామాన్యునికి అందుబాటు ధరలో మంచి వస్తువు దొరకవలెను. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇయ్యగలనని 1941వ సంవత్సరమున ప్రకటించిరి. 1944వ సంవత్సరమున వ్యాపార బాధ్యతలనుండి విరమించుకొని, పరిశోధక విద్యార్థులకు వేతనములకును, కార్మికుల సంక్షేమమునకును, బడుగువర్గముల అభ్యున్నతికిని ధనసహాయము ప్రకటించిరి. మద్రాసు గవర్నరగు ఆర్థర్ హోప్ పేర కోయంబత్తూరున వృత్తివిద్యాలయమును, ఇంజనీరింగు కళాశాలయు ఏర్పడుటకు వారే ముఖ్యకారకులు. బడిచదువు లేని నాయుడుగారు 1945వ సంవత్సరమున ఆ కళాశాలకు ప్రధానాచార్యులైరి! ఇంజనీరింగు చదువునకు నాలుగు సంవత్సరములు అనవసరమనియు, చేతిపనితో కూడిన శిక్షణ నిచ్చినచో రెండు సంవత్సరములు చాలుననియు వారి అభిప్రాయము. ప్రభుత్వమువారు అంగీకరింపలేదు. తమకు నమ్మకము లేని పద్ధతిని నడపుటకు ఇష్టపడక నాయుడుగారు ఆ పదవిని విడిచిరి. ఆ కళాశాలయే నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వెలుగుచున్నది.

వారి జీవితమునందలి మిక్కిలి బాధాకరమైన ఘట్టము స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట సంభవించెను. 1952వ సంవత్సరమున ఇద్దఱు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును నాయుడుగారు సిద్ధపరచిరి. దాని వెల 2,000 రూపాయలు మాత్రమే. కాని 1951వ సంవత్సరపు చట్టము ననుసరించి ముఖ్యమైన పరిశ్రమలకు కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. దేశమున ఉక్కును, విదేశ ద్రవ్యమును కొఱతగా నుండుటచే, వానిని ఏ పరిశ్రమకు ఎంత ఇయ్యవలెనో ప్రభుత్వమే నిర్ణయించుచుండెను. నాయుడుగారి కారునకు అనుమతి లభింపలేదు. కారు నిర్మాణము ఆగిపోయెను.

పన్నుల భారమును, అనుమతుల చిక్కులును తన కృషికి అడ్డుపడుచున్నవని నాయుడుగారు మిక్కిలి నొచ్చుకొనిరి. ఆ దశకముననే, తాము కల్పించిన వస్తువులను కొన్నింటిని ప్రజల యెదుట తామే ధ్వంసముచేసి నిరసన తెలిపిరి. ఈ చర్య సరియైనదేనా అని అప్పటి పెద్దలే భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. తన బిడ్డలవంటి వస్తువులను తానే విఱుగగొట్టిన మనుష్యుని మనోవేదనను మనము అర్థము చేసికొనవచ్చును. అయినను, బీదదేశమున పనికివచ్చు వస్తువు పగిలినచో నష్టపడునది ప్రభుత్వము మాత్రమే కాదు. దానిని వాడుకొనవలసిన సామాన్యుడు గూడ. గొప్పవారి జీవితములలోను ఇట్టి సందిగ్ధఘట్టములుండును. వానిని దాచిపెట్టక తెలిసికొనుటయే మేలు.

ఆ నిరాశ నాయుడుగారి చేతులను కట్టివేయలేదు. తమ తోటలో ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పైరులపై పరిశోధనలు సాగించిరి. సర్ సి. వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మొదలగు మహనీయులు ఆ తోటను దర్శించిరి. 1967వ సంవత్సరమున ఉదయము ఆఱుగంటలకు పునాదితో మొదలిడి సాయంకాలము అయిదుగంటలకు, అనగా 11 గంటలలో, ఒక ఇంటిని కట్టించి చూపిరి. అప్పటికి వారి వయస్సు 74 సంవత్సరములు. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడుగారు దివంగతులైరి.

కోయంబత్తూరున వారి పేర నెలకొన్న ప్రదర్శనశాలలో వారు కల్పించిన పరికరములు నేటికిని చూడవచ్చును. 2015వ సంవత్సరమున వారి కుటుంబ సంస్థ పాత మోటారుకారులకై ఒక ప్రత్యేక ప్రదర్శనశాలను గూడ తెఱచినది. అచ్చటి కారుల యెదుట నిలిచినచో నూఱేండ్ల యంత్రవిద్య యెట్లు పెరిగెనో తెలియును.

ఇప్పుడు కాలము మారినది. హైదరాబాదు పడమటి భాగమున, మాదాపురపు రాళ్లగుట్టల నడుమ, 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు అను సౌధము వెలసెను. దానిచుట్టును హైటెక్ సిటీ పెరిగెను. అచ్చటి కార్యాలయములలో వేలకొలది యువతీయువకులు కంప్యూటరులపై పనిచేయుచున్నారు. నేటి కారులలో ఎంత పెట్రోలు పోవలెనో, రవ్వ యెప్పుడు పుట్టవలెనో నిర్ణయించునది చిన్న కంప్యూటరే. కావున నేడు కారు ఇంజనును మార్చబూనినవాడు పానాతో పాటు ఆ కంప్యూటరు భాషను గూడ నేర్వవలసియున్నది. పనిముట్టు మారినది కాని పనివాని గుణము మారలేదు. చెడినదానిని పారవేయక, అది యేదో గుర్తించి, ఓర్పుతో విప్పి, లోపమును కనుగొని, మరల నడపించువాడే నిజమైన యంత్రవేత్త.

విద్యార్థులారా! మీ యింట ఆగిపోయిన గడియారమో, తిరుగని విసనకఱ్ఱయో యుండవచ్చును. పెద్దల అనుమతితో, విద్యుత్తు తీగనుండి వేఱుచేసి, దానిని విప్పి చూడుడు. తీసిన ప్రతి మరను తీసిన వరుసలో గుడ్డపై పేర్చుకొనుడు. మొదటిసారి మీకు సాధ్యపడకపోవచ్చును. అయినను, అది యేల ఆగినదో తెలిసికొనిన దినము మీకు పండుగదినమగును. భోజనశాలలో వడ్డించి కూడబెట్టిన ధనముతో బండిని కొని, దానినెక్కి తిరుగుటకు ముందు విప్పి చూచిన ఆ పల్లెటూరి యువకుని ఆనందమెట్టిదో అప్పుడు మీకు స్వానుభవమున తెలియగలదు.